మాకేం తెలుసండీ!

మొన్న సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు నెమలి వెళ్ళాను. వేణుగోపాలస్వామికి ప్రదక్షిణలు చేసి మెట్లమీద కూర్చున్నామో లేదో, మా పిన్ని మొదలెట్టింది. "ఏమే, పారిస్ దాకా పోయి ఏం చూసొచ్చావే?"

"బొమ్మల మ్యూజియం పిన్నీ. పాంపిడూ సెంటర్ అంటారు. 1977లో తెరిచారు. గొట్టాలన్నీ బయటికే కనిపిస్తాయి. గాలి గొట్టాలు నీలం, నీళ్ళవి ఆకుపచ్చ, కరెంటువి పసుపు." (నేను వెళ్ళొచ్చాక, 2025లో మరమ్మతులకని మూసేశారు. 2030 దాకా తెరవరట.)

"గొట్టాలు సరే, లోపల బొమ్మలెలా ఉన్నాయి?"

"నాకేం తెలుస్తాయి పిన్నీ!" అనేశాను. అని నాలిక్కరుచుకున్నాను. ఎందుకంటే ఈ మాట మీదే నేను పారిస్‌లో మా బృందంలోని ఆడవాళ్ళతో పోట్లాడి వచ్చాను.

అక్కడేం జరిగిందంటే, మగవాళ్ళు "ఇవి మా బుజ్జిగాడూ గీస్తాడు" అని చకచకా తలుపు వైపు నడిచారు. ఆడవాళ్ళు "మాకేం తెలుసండీ" అంటూ బెంచీలమీద చతికిలబడ్డారు. వీళ్ళెవరనుకున్నారు? బట్టలకొట్లో కుర్రాడిచేత నలభై చీరలు దింపించి, "ఈ చిలకపచ్చకి ఆ వంకాయరంగు అంచు నప్పలేదబ్బాయ్" అని లేచిపోగల మహాతల్లులు! చీర అంచుని "నీ అర్థమేమిటి?" అని ఏనాడైనా అడిగామా? నప్పిందో లేదో చూస్తాం, అంతే. మరి గోడమీది రంగుల దగ్గరికొచ్చేసరికి ఆ కళ్ళని హోటల్లో పెట్టి తాళం వేసి రావడమెందుకు? దీన్ని వినయం అనుకుంటాం గానీ, ఏదైనా అంటే నవ్వుతారేమోనన్న భయమండీ ఇది.

అక్కడున్నవన్నీ గొప్పవని నేననను. కొన్నిటిని చూస్తే నాకూ ఒళ్ళు మండింది. ఆ మాట మనమూ అనొచ్చు. కాస్సేపు నిలబడి చూశాక అనాలి.

అక్కడి పుస్తకాల కొట్లో ఒక పుస్తకం తిరగేస్తుంటే బొంత కనిపించింది. అవును, మన బొంతే! సోనియా డెలోనే అనే ఆవిడ 1911లో పసివాడైన కొడుక్కోసం గుడ్డముక్కలు అతికి కుట్టింది. ఆవిడ పుట్టింది ఉక్రెయిన్‌లో. అక్కడి పల్లెల్లో ఇలాంటివి కుట్టుకుంటారట. కుట్టాక చూసుకుంటే అది ఆ రోజుల్లో కొత్తగా వస్తున్న క్యూబిస్టు బొమ్మలా తోచింది. ఆ దారినే రంగుల్లోకి నడిచింది. 1964లో, బతికుండగానే, లూవ్ర్‌లో ఆవిడ చిత్రాల ప్రదర్శన జరిగింది. ఆ బొంత ఇప్పుడు పాంపిడూ వాళ్ళ సొత్తు.

నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పాతచీరల ముక్కలు నేలమీద పరిచి, రెండడుగులు వెనక్కి జరిగి, "ఈ ఎరుపు పక్కన ఆ పచ్చ ఏడుస్తోందే" అని కుట్టింది మళ్ళీ విప్పేది. అన్ని బొంతలూ బాగా కుదిరేవి కాదు. ఆ సంగతీ ఆవిడే ముందు చెప్పేది. కుదిరినదాన్ని నా పెళ్ళప్పుడు నాకిచ్చింది. బి.ఏ. చదివి, నవలలు రాసుకునే నేను దాన్నేం చేశానో చెప్పనా? ఇల్లు మారేటప్పుడు మరో నాలుగు పాతచీరలు కలిపి స్టీలు సామాన్లవాడికి వేసి, మూతతో సహా ఒక గిన్నె పుచ్చుకున్నాను. పైగా బేరం బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

ఇదంతా పిన్నికి చెప్పలేదు. ఫోన్లో ఆ సోనియా బొంత ఫొటో మాత్రం చూపించాను. కళ్ళజోడు సర్దుకుని, దగ్గరా దూరం పెట్టి, చాలాసేపు చూసింది.

"రంగులు బాగానే కూర్చింది. కుట్టు మాత్రం మా అమ్మదే నయం," అని ఫోను నా చేతికిచ్చి, "అవునూ, అమ్మ నీకిచ్చిన బొంత జాగ్రత్తగా ఉందిటే?" అంది.