చలికి ఎదురెళ్లే లీనా

మంచు కరుగుతుంది, నదికి నీళ్లొస్తాయి, ఆ నీళ్లు పల్లానికి పారి సముద్రంలో కలుస్తాయి. హిమాలయాల్లో పుట్టే నదుల సంగతి మనకు తెలిసిందే. సైబీరియాలోని లీనా దగ్గరికొచ్చేసరికి ఈ కథ అడ్డం తిరుగుతుంది. ఎందుకంటే అది పారేది దక్షిణం నుంచి ఉత్తరానికి... అంటే, కాస్త వెచ్చని చోటు నుంచి గడ్డకట్టే చలిలోకి! ఎగువన మంచు కరిగి వరద బయల్దేరేటప్పటికి దిగువన నది ఇంకా రాయిలా బిగుసుకునే ఉంటుంది. వెనక నీళ్లు తరుముతుంటాయి. ముందు మంచు తలుపు మూసి ఉంటుంది. ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని ఏటా మే నెలలో ఒడ్డున ఉన్న ఊళ్లన్నీ ఊపిరి బిగబట్టి చూస్తుంటాయి.

సరస్సును కాదని...

ప్రపంచంలోకెల్లా లోతైన సరస్సు బైకాల్. దాని పడమటి ఒడ్డున ఉన్న పర్వతాల్లో పుడుతుంది లీనా. పక్కనే అంత పెద్ద సరస్సు ఉన్నా అందులో కలవదు. దాదాపు 4,300 కిలోమీటర్లు ప్రయాణించి ఆర్కిటిక్‌లోని లాప్టెవ్ సముద్రం చేరుతుంది. మన గోదావరికి సుమారు మూడింతల పొడవు! దారిలో వితిమ్, ఒలెక్మా, అల్దాన్, విల్యుయ్ నదులు వచ్చి కలుస్తాయి. పరీవాహక ప్రాంతం దాదాపు 25 లక్షల చదరపు కిలోమీటర్లు. భారతదేశ విస్తీర్ణంలో ముప్పాతిక వంతన్నమాట. ఇంత పెద్ద నదిమీద ఒక్క ఆనకట్టా లేదు. ఉపనది విల్యుయ్ మీద మాత్రం జలవిద్యుత్ కేంద్రం ఉంది.

యాకుత్స్క్ నగరానికి ఎగువన నది ఒడ్డునే కిలోమీటర్ల పొడవునా కోట బురుజుల్లా నిలబడి ఉంటాయి రాతి స్తంభాలు. 'లీనా స్తంభాలు'గా పేరుపడ్డ వీటిని 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక సముద్రం దగ్గర నది వందల పాయలుగా విడిపోయి 30 వేల చదరపు కిలోమీటర్ల డెల్టాగా పరుచుకుంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడంతా మంచే. కొద్దిపాటి వేసవిలో మాత్రం ఎక్కడెక్కడి నుంచో వలస పక్షులు వచ్చి గూళ్లు పెడతాయి. 1985 నుంచి అక్కడ రక్షిత అభయారణ్యం ఉంది.

బొచ్చు కోసం వచ్చి...

లీనా అన్న పేరు 'పెద్ద నది' అని అర్థమొచ్చే ఎవెంకీ మాట నుంచి వచ్చిందంటారు. ఎవెంకీలు రెయిన్‌డీర్లను మేపుకుంటూ, యాకూత్‌లు గుర్రాలూ పశువులూ పెంచుకుంటూ ఈ తీరాల్లో బతికేవారు. సేబుల్ అనే చిన్న జంతువు బొచ్చుకు ఐరోపాలో గిరాకీ ఉండటంతో 17వ శతాబ్దంలో రష్యన్ కొసాక్కులు ఇటు దారిపట్టారు. 1632లో ప్యోతర్ బెకెటోవ్ కట్టిన కర్రకోటే తర్వాత యాకుత్స్క్ నగరమైంది. 'బొచ్చు పన్ను' కట్టలేక స్థానికులు నానా అగచాట్లూ పడ్డారు.

బొచ్చు తర్వాత బంగారం వంతు. వితిమ్ నది దగ్గరి బంగారు గనుల్లో కుళ్లిన మాంసం పెట్టారంటూ 1912లో కార్మికులు సమ్మెకు దిగారు. సైనికులు కాల్పులు జరిపారు. వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. రష్యా అంతటా నిరసనలు చెలరేగాయి. లెనిన్ తన మారుపేరును ఈ నది పేరు నుంచే తీసుకున్నాడని చాలామంది చెబుతారు. అయితే దానికీ ఈ కాల్పులకూ సంబంధం లేదు. ఆయన ఆ పేరు వాడటం మొదలుపెట్టింది 1901లో!

నూతిలోనూ మంచే!

1828లో ఫ్యోదర్ షెర్గిన్ అనే వ్యాపార సంస్థ ఉద్యోగి యాకుత్స్క్‌లో నుయ్యి తవ్వించడం మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్లు తవ్వారు. 116 మీటర్ల లోతుకు పోయినా చుక్క నీరు లేదు, నేలంతా గడ్డకట్టే ఉంది. నూతిగా పనికిరాకపోయినా శాస్త్రవేత్తలకు అది వరమైంది. భూమి లోపల శాశ్వతంగా గడ్డకట్టి ఉండే నేల ఎంత లోతుకు ఉంటుందో తెలుసుకోవడానికి అందులో ఉష్ణోగ్రతలు కొలిచారు. నేటికీ అక్కడ భవనాలను స్తంభాల మీద లేపి కడతారు. లేదంటే ఇంట్లోని వేడికి కింద నేల కరిగి గోడలు కుంగిపోతాయి. వాతావరణం వేడెక్కుతున్నకొద్దీ ఈ భయం మరింత పెరుగుతోంది.

ఊరు మునిగిన మే

2001 మే నెల. అంతకుముందు చలికాలం మామూలుకంటే కఠినంగా ఉండటంతో మంచు బాగా మందంగా పేరుకుంది. వరదతో కొట్టుకొచ్చిన మంచుదిమ్మెలు లెన్స్క్ పట్టణానికి దిగువన ఒకదానిమీద ఒకటి ఎక్కి అడ్డుకట్ట కట్టేశాయి. నీళ్లు వెనక్కి తన్ని ఊరి మీద పడ్డాయి. యుద్ధ విమానాలు వచ్చి మంచు మీద బాంబులు వేశాయి. అయినా వేల ఇళ్లు దెబ్బతిన్నాయి. మళ్లీ చలికాలం వచ్చేలోగా కొత్త ఇళ్లు కట్టాలి... లేకపోతే జనం బతకరు. హడావుడిగా పట్టణాన్ని తిరిగి నిలబెట్టారు. ఒడ్డున రక్షణ కట్ట కూడా వేశారు.

అందుకే ఇప్పుడు వరదకు ముందే జాగ్రత్తపడతారు. మంచు ఇరుక్కుపోతుందనుకున్న చోట యంత్రాల రంపాలతో దాన్ని ముందుగానే కోస్తారు. ఇంకొన్ని చోట్ల మంచు మీద నల్లటి పొడి చల్లుతారు. నలుపు ఎండను పీల్చుకుంటుంది కాబట్టి అక్కడ మంచు త్వరగా పలచబడుతుంది. అవసరమైతే పేలుడు పదార్థాలు ఎలాగూ ఉన్నాయి.

యాకుత్స్క్‌వాసులకు మరో కష్టం ఉంది. 2019లో ప్రయాణికుల రైలు వచ్చింది కానీ, అది ఆగేది నదికి అవతలి ఒడ్డున ఉన్న నిజ్ని బెస్త్యాఖ్‌లో! చలికాలంలో గడ్డకట్టిన నదే రహదారి, లారీలు కూడా దానిమీదే పోతాయి. వేసవిలో బల్లకట్టులాంటి ఫెర్రీలుంటాయి. మంచు కరిగే రోజుల్లోనూ, మళ్లీ గడ్డకట్టే రోజుల్లోనూ అటు బండీ పోదు, ఇటు పడవా పోదు. ఆ వారాలకు సరిపడా సరుకులు ముందే దాచుకోవాలి.

ఇన్ని తిప్పలు పెట్టే వరదను అక్కడివాళ్లు పూర్తిగా వద్దనీ అనలేరు. నీళ్లు తీసిన తర్వాత నది లంకల్లో, పల్లపు మైదానాల్లో గడ్డి ఏపుగా పెరుగుతుంది. ఆ కొద్దిపాటి వేసవిలోనే దాన్ని కోసి, ఎండబెట్టి, వామి వేసుకోవాలి. జనవరిలో సున్నాకు 40 డిగ్రీలు దిగువన చలి కొరికేస్తుంటే, కొట్టంలోని ఆవులకు ఆ గడ్డే దిక్కు!