ఇంకో ఏడాది కూర్చోవాలా? ముందు లెక్క వేయండి

నాంపల్లిలో టీజీపీఎస్సీ ఆఫీసు దగ్గరికి వెళ్లినా, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు బేరమాడుతున్న కుర్రాళ్లని కదిలించినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "ఇంకో ఏడాది కూర్చుంటా." ఏడాదికి ఎంతవుతుంది, వచ్చే అవకాశం ఎంత, వస్తే లాభమెంత అని తిరిగి అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. "ఇప్పటికే మూడేళ్లు పెట్టాను కదా" అంటారు. అది జవాబు కాదు. ఎందుకు కాదో పేకాట లెక్క ఒకటి చాలా సూటిగా చెబుతుంది. ఆట ఆడమని కాదు, లెక్క నేర్చుకోమని ఈ వ్యాసం.

పోకర్‌లో దాన్ని 'పాట్ ఆడ్స్' అంటారు. బల్ల మీద పోగైన డబ్బు పాట్. ఆటలో కొనసాగాలంటే ఎదుటివాడు పెట్టినంత మీరూ పెట్టాలి, లేదా ముక్కలు పడేసి తప్పుకోవాలి. మన రమ్మీ తెలిసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. 101 ఆటలో మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40, చివరిదాకా కూర్చుని ఓడితే 80 దాకా. ముక్కలు బాగా లేనప్పుడు 20తో లేచిపోవడం పిరికితనం కాదని మన ఇళ్లలో పెద్దవాళ్లకి ఎప్పుడో తెలుసు.

ఇప్పుడు అంకెల్లో చూద్దాం. మీ చేతిలోవీ బల్ల మీదవీ కలిపి నాలుగు ఆఠీన్ ముక్కలున్నాయి. ఐదోది పడితే గెలుస్తారనుకుందాం. ఇంకా ఒక్క ముక్కే తెరవాలి. పేకలో ఆఠీన్లు 13, అందులో మిగిలినవి 9. మీకు కనిపించని ముక్కలు 46. అంటే మీ అవకాశం 46లో 9, సుమారు 19.6 శాతం.

బల్ల మీద 200 ఉంది. ఎదుటివాడు 100 పెట్టాడు, పాట్ 300 అయింది. మీరు 100 పెడితే మొత్తం 400. ఆ 400 కోసం మీరిచ్చే ధర 100, అంటే పావు వంతు. గెలిచే అవకాశం కనీసం 25 శాతం ఉంటేనే ఆ ధర గిట్టుతుంది. మీకున్నది 19.6. తప్పుకోవాలి. అదే బల్ల మీద ముందే 600 ఉంటే? అతని 100, మీ 100 కలిస్తే 800. మీ ధర ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం. ఇప్పుడు ఆడవచ్చు. ముక్కలు అవే, ధైర్యం అదే. ధర మారింది కాబట్టి నిర్ణయం మారింది.

ఈ లెక్క మీకు మొదట పనికొచ్చేది పరీక్ష హాల్లో. యూపీఎస్సీ ప్రిలిమ్స్‌లో ప్రశ్నకి 2 మార్కులు, తప్పు రాస్తే మూడో వంతు కోత. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే అవకాశం 25 శాతం. గిట్టుబాటు కావడానికి కావాల్సిందీ సరిగ్గా 25 శాతమే. సగటున లాభం లేదు, నష్టం లేదు. కానీ ఒక ఆప్షన్ కచ్చితంగా తప్పని తీసేయగలిగితే మీ అవకాశం 33 శాతానికి పెరుగుతుంది. అలాంటి ప్రశ్నలు 18 ఉన్నాయనుకోండి. సగటున 6 ఒప్పు, 12 తప్పు. 12 మార్కులు వస్తాయి, 8 పోతాయి. 4 మార్కులు మిగులు. రెండు ఆప్షన్లు తీసేస్తే 9 ఒప్పు, 9 తప్పు, మిగులు 12 మార్కులు. కటాఫ్ దగ్గర ఒక్క మార్కులో ఎంతమంది ఆగిపోతారో మీకు తెలియంది కాదు. "నెగెటివ్ ఉంది కదా" అని భయపడి సగం తెలిసిన ప్రశ్నలు వదిలేయడం కూడా నష్టమే.

ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో ప్రశ్నకి 2 మార్కులు, తప్పుకి 0.50 కోత. అక్కడ గిట్టుబాటు 20 శాతమే. బ్యాంకు పరీక్షల్లో కోత పావు వంతు కాబట్టి అక్కడా 20 శాతమే, కానీ ఆప్షన్లు సాధారణంగా ఐదు. కళ్లు మూసుకుని పెడితే వచ్చేదీ 20 శాతమే. మన గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో నెగెటివ్ మార్కులే లేవు, అంటే ధర సున్నా. అక్కడ ఒక్క బబుల్ ఖాళీగా వదిలినా మీదే తప్పు. కాబట్టి నోటిఫికేషన్‌లో సిలబస్ కంటే ముందు మార్కుల కోత చూడండి.

ఇక అసలు ప్రశ్న, ఏడాది సంగతి. పాట్ ఆడ్స్ లెక్కలో ఒక ముఖ్యమైన నియమం ఉంది. మీరు ఇంతకు ముందు పెట్టిన డబ్బు ఇక మీది కాదు, అది పాట్‌ది. తప్పుకున్నా అది తిరిగి రాదు. అందుకే లెక్కలోకి వచ్చే ధర ఇప్పుడు పెట్టబోయేది మాత్రమే. గడిచిన మూడేళ్లూ అంతే. వాటివల్ల మీకు సబ్జెక్టు వచ్చి ఉంటే మీ అవకాశం పెరిగి ఉంటుంది, అది లెక్కలోకి వస్తుంది. "అన్నేళ్లు పెట్టాను" అన్న బాధ మాత్రం లెక్కలోకి రాదు.

ఒక ఊహ లెక్క వేద్దాం, మీ అంకెలు మీరు పెట్టుకోండి. రూము, మెస్సు, కోచింగ్, స్టడీ హాల్ కలిపి నెలకి 12 వేలు. ఈ ఏడాది ఉద్యోగంలో చేరితే వచ్చే జీతం నెలకి 18 వేలు, అదీ పోతున్నట్టే. మొత్తం నెలకి 30 వేలు, ఏడాదికి 3 లక్షల 60 వేలు. సర్కారీ కొలువు వస్తే, ఇప్పుడు దొరికే ఉద్యోగం కంటే మొత్తంమీద 36 లక్షలు ఎక్కువ విలువ అని మీరు అనుకుంటే, గిట్టుబాటు అవకాశం 10 శాతం. పదిమందిలో ఒకరుగా నిలబడే స్థితిలో ఉన్నారా అన్నదే ప్రశ్న.

2024 గ్రూప్-1లో 563 పోస్టులకి 4 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. పోస్టుకి 700 మంది పైనే. మెయిన్స్‌కి ఎంపికైంది 31,382 మంది. అక్కడికి చేరినవాళ్లకి పోస్టుకి 56 మంది లోపే పోటీ. మీరు ఏ గుంపులో ఉన్నారో సగటు అంకె చెప్పదు, మీ మార్కులు చెబుతాయి. పోయినసారి కటాఫ్‌కి ఎన్ని మార్కుల దూరం? ఆర్నెల్లలో మాక్ టెస్టుల్లో ఎన్ని పెరిగాయి? అదే చదువు గ్రూప్-2కి, గ్రూప్-3కి కూడా పనికొస్తుంటే ఒకే ధరకి మూడు అవకాశాలు. అదీ కలుపుకోండి. 2022 గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయిందని కూడా మరిచిపోవద్దు. 'ఒక ఏడాది' అనుకున్నది రెండేళ్లయితే పైన వేసిన ధర రెండింతలవుతుంది.

ఈ లెక్కకి ఒక హద్దు ఉంది. పోకర్ ఆడేవాడికి వేల చేతులు దొరుకుతాయి, సగటు ఏదో ఒకనాడు కనిపిస్తుంది. మీకు దొరికేవి రెండు మూడు ఏళ్లే. అందుకని గిట్టుబాటు అంకె బాగున్నా, ఓడితే తట్టుకోలేని ధర పెట్టకూడదు. నాన్న పొలం తాకట్టు పెట్టి, అక్క పెళ్లి ఆపి కూర్చునే ఏడాదికి ఈ శాతాలు సరిపోవు. పగలు ఏదో ఉద్యోగం చేస్తూ రాత్రి చదివితే అవకాశం కొంత తగ్గవచ్చు. ధర మాత్రం బాగా పడిపోతుంది. చాలామందికి గిట్టేది ఆ దారే.

ఈ లెక్క చదివి ఫోన్‌లో పోకరో రమ్మీయో పెట్టుకుందామనిపిస్తే ఆగండి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పిన మాట నిజమే. కానీ తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని సైతం నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, డబ్బాట నడిపేవాళ్లు పాట్‌లోంచి తమ కోత ముందే తీసుకుంటారు. ఆ కోత పోయాక పైన వేసిన లెక్కలు మీకు వ్యతిరేకంగా తిరుగుతాయి. ఇప్పటికే అప్పుల్లో కూరుకుని మనసు పాడైతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

ఈ రాత్రే ఒక కాగితం తీసుకుని మూడు అంకెలు రాయండి. ఇక నుంచి పెట్టబోయే ధర, వస్తే దక్కేది, మీ మార్కులు చెబుతున్న అవకాశం. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. వచ్చింది మూడోదానికంటే తక్కువైతే, ఓడినా ఇల్లు నిలబడేట్టుంటే, మనసారా కూర్చుని చదవండి. ఎక్కువైతే లేవండి. లేచినంత మాత్రాన చదివిన చదువు ఎక్కడికీ పోదు.