పాత కెమెరా - కొత్త చూపు

ఫొటోగ్రఫీ ధనవంతుల వినోదమనియు, ఆడపిల్లలకు తగని విద్య అనియు మనలో కొందరి అభిప్రాయం. ఈ రెంటితోనూ మేము ఏకీభవించలేము.

పురానాపూల్ చేరువనున్న జుమ్మేరాత్ బజారులో గురువారంనాడు ఓపికగా వెదికితే ఆగ్ఫా క్లిక్-3 వంటి పాత కెమెరా దొరకవచ్చును. అందులో 120 ఫిల్ము చుట్టకు 12 చిత్రాలే వచ్చును. నేడు ఫిల్ము ఖరీదైనదే. అయితే ఆ పన్నెండింటి హద్దే విద్యార్థికి గురువు. మీట నొక్కకముందే వెలుగు ఎటు పడుచున్నదో చూడక తప్పదు. చిత్రానికి వస్తువును వెదుకుచు దూరదేశాలకు పోనక్కరలేదు. ఇరానీ హోటలు బల్లపై ఉదయపుటెండ, లాడ్‌బజారులో లక్కగాజులకు రాళ్ళు పొదిగే వ్రేళ్ళు, మన కళాశాల మెట్లపై వాన నాటి గొడుగులు చాలును.

ఇక రెండవ ఆక్షేపణ. రాజా దీనదయాళ్ 1892లోనే ఈ నగరంలో పర్దా స్త్రీల కొరకు జనానా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణను ఒక స్త్రీకే అప్పగించారు. నాడు తగిన విద్య నేడు తగకపోవునా?

కళాశాల కార్యవర్గము వారు నీటి కుళాయి గల ఒక చిన్న చీకటి గదిని కేటాయించి, దానిని విద్యార్థినులకు సైతం సమానంగా తెరువవలెనని మా విన్నపం.