గర్భసంచి తీసేయడమే క్యాన్సర్ నివారణా?

సూరత్‌లోని భేస్తాన్‌లో మా పక్కింట్లో ఒక అక్క ఉంటుంది. భర్త పవర్‌లూమ్ కార్మికుడు. తెల్లబట్ట, నడుము నొప్పి అని ఆసుపత్రికి వెళ్తే, "గర్భసంచి తీయించుకోకపోతే క్యాన్సర్ వస్తుంది" అన్నారట. ఏం పరీక్షలు చేశారని అడిగాను. ఒక్క స్కానింగే! ఇప్పుడామె ఆపరేషన్ కోసం అప్పు వెతుకుతోంది.

ఈ భయం మన రాష్ట్రాలకు కొత్త కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-4 (2015-16) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తొలగించుకున్నవారు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. మరోవైపు సర్వే-5 (2019-21) చూడండి. దేశంలో 30-49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు 2 శాతం లోపే. అంటే పరీక్ష చేయాల్సిన చోట కత్తి పెడుతున్నాం.

తెల్లబట్టకు ఎక్కువసార్లు కారణం ఇన్ఫెక్షన్, మందులతో తగ్గుతుంది. ఎసిటిక్ యాసిడ్ పూసి చూసే వీఐఏ పరీక్షకు ఖర్చు తక్కువ. క్యాన్సర్‌కు ముందు దశ మార్పులు కనిపించినా, చాలామందికి క్రయోథెరపీ వంటి చిన్న చికిత్స చాలు. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే చిన్న వయసులోనే ముట్లు ఆగిపోతాయి, ఎముకలు బలహీనపడతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.

అలాగని ఆపరేషన్ అంటేనే తప్పు అనకండి. క్యాన్సర్ నిర్ధారణ అయితే అదే ప్రాణం నిలబెట్టవచ్చు. అక్కడ ఆలస్యమే ప్రమాదం. నా అభ్యంతరం నిర్ధారణ లేని కోతకే.

డాక్టర్ నరేంద్ర గుప్తా కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పునిచ్చింది. అనవసర గర్భసంచి తొలగింపులను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను 3 నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. కానీ నిఘా ఒక్కటే చాలదు. ఆసుపత్రిపై కేసు పెడితే కోత ఆగవచ్చు, అక్క భయం ఆగదు. ఇంటి దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పరీక్ష, ఆమెకు అర్థమయ్యే భాషలో వివరణ, రెండో డాక్టర్ సలహా ఉంటేనే ఆగుతుంది. తెలుగు తప్ప రాని వలస మహిళ గుజరాతీ కాగితంపై వేలిముద్ర వేస్తే అది సమ్మతి అవుతుందా?

జీఎస్-2లో ఆరోగ్యం, ఆర్టికల్ 21 కింద, జీఎస్-4లో సమ్మతి, వృత్తి నైతికత కింద ఈ అంశాన్ని వాడుకోండి. గణాంకాలతో ఆపకండి, పరిష్కారం రాయండి.

సాధన ప్రశ్న: "భయంతో ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదు." చర్చించండి. (150 పదాలు)