పడౌక్: ఎరుపు వెలిసినా చేవ తగ్గని కలప

వేగిస, ఎర్రచందనం మన అడవుల చెట్లు. ఈ రెండింటికీ సముద్రానికి ఆవల దాయాది ఒకటున్నది. దాని పేరు పడౌక్. వృక్షశాస్త్రజ్ఞులు మూడింటినీ టెరోకార్పస్ అనే ఒకే ప్రజాతిలో చేర్చినారు. అండమాన్ దీవులు దాటి మరెక్కడా సహజంగా పెరగని ఈ మహావృక్షమే అక్కడి కేంద్రపాలిత ప్రాంతపు అధికారిక వృక్షం.

పోర్ట్‌బ్లెయిర్ (2024 నుండి శ్రీ విజయపురం) చెంతనున్న చాతాం దీవిలో 1883లో రంపపు మిల్లు వెలసినది. ఏనుగులు అడవిలో ఈడ్చి తెచ్చిన దుంగలు అక్కడ పలకలైనవి. ముదిరిన చెట్టు మొదట గోడల వలె లేచే వేరురెక్కల నుండి, అతుకు లేని బల్లపై పలకలు సైతం తీసినారు.

ఎండిన పడౌక్ ఘనమీటరుకు సుమారు 770 కిలోలు తూగుతుంది. టేకు 650కి కాస్త పైమాట. పాశ్చాత్యులు సారాయి పీపాలకు వాడే తెల్ల ఓక్ బరువు దీనికి దరిదాపు. పడౌక్ చేవకు చెద సులభంగా పట్టదు. చక్కగా ఆరితే వంకరపోవడమూ అరుదే. చేవ చుట్టూ ఉండే పాలిపోయిన తెల్లచెక్కకు మాత్రం ఈ గుణాలు లేవు. కొనేవారు మొదట చూడవలసినది అదే.

వడ్రంగికి మాత్రం ఇది సాధువు కాదు. నార ఒక పొరలో కుడికి, మరుపొరలో ఎడమకు తిరుగుతుంది. చిత్రిక ఒకవైపు నున్నగా సాగి, మరుక్షణమే చెక్కను పెళ్లగిస్తుంది. పదునైన అలుగు, పలుచని కోత, చివరకు గీకుడు రేకు. ఇంతకు మించిన ఉపాయం లేదు. పొట్టు ముక్కులోకి పోతే తుమ్ములు తప్పవు, గుడ్డ కట్టుకోవాలి. ఈ శ్రమకు ఫలితంగా కలపపై పట్టుచీర వంటి చారలు తేలుతాయి.

ఇక రంగు సంగతి. కోసిన నాటి కుంకుమ ఎరుపును చూసి మురిసి కొన్నవారు, కొన్నేండ్లకు అది గోధుమరంగుకు తిరగగా మోసపోయామనుకుంటారు. మోసమేమీ లేదు, వెలుతురు చేసే పని అది. వార్నిష్ దానిని ఆలస్యం చేయగలదు, ఆపలేదు. నన్నడిగితే ఆ ముదురు రంగే హుందాగా ఉంటుంది.

2002 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అండమాన్ అడవులలో కలప నరకుడు స్థానికావసరాలకు పరిమితమైనది. అందుచేత పాత ఇండ్లలోని పడౌక్ కుర్చీలను, బీరువాలను నల్లబడినవని పారవేయక, కాలి అడుగున కంటికి కనబడని చోట కాస్త గీకి చూడవలెను. లోపల ఆ ఎరుపు ఇంకా ఉంటుంది.