పేరు పెట్టాం సరే, నేల మాటేమిటి?

కలుషిత నేలలో కొత్త బ్యాక్టీరియా దొరికిందన్న వార్త వచ్చినప్పుడల్లా, ఇక కాలుష్యం పీడ విరగడైనట్టేనని సంబరపడతాం. అది తొందరపాటు. లక్నో పరిసరాల్లోని ఉమ్మరి గ్రామం ఉదంతం చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

పాతతరం రైతులకు బీహెచ్‌సీ పొడి బాగా తెలుసు. శాస్త్రవేత్తలు హెచ్‌సీహెచ్ అనేది దాన్నే. ఫ్యాక్టరీలో తయారైన ప్రతి 100 కిలోల్లో పురుగును చంపే గామా రూపం 10 నుంచి 15 కిలోలే. దాన్ని వేరుచేసి లిండేన్ పేరుతో అమ్మారు. మిగిలిన ఆల్ఫా, బీటా, డెల్టా రూపాలను ఆరుబయట పారబోశారు. ఉమ్మరిలో పోగుపడింది ఆ వ్యర్థమే. బీహెచ్‌సీని మన దేశం 1997లో నిషేధించింది. 2009లో లిండేన్‌తోపాటు ఆల్ఫా, బీటా రూపాలూ విష రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాకెక్కాయి. నిషేధాలు తయారీని ఆపాయి గానీ, అప్పటికే పారబోసిన దాన్ని తొలగించలేదు.

ఆ విషపు మట్టిలో బతుకుతున్న సూక్ష్మజీవులను ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ రూప్ లాల్ బృందం వెలికితీసింది. 2009లో ఒక జాతికి స్ఫింగోబియం ఉమ్మరియెన్స్ అని ఊరి పేరే పెట్టారు. ఇలా కొత్త జాతిగా నిలబెట్టడం చిన్న పని కాదు. జాతులను గుర్తించడానికి వాడే 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువును తెలిసిన జాతులతో పోల్చాలి. పోలిక 98.7 శాతం లోపు ఉంటే కొత్తది కావచ్చు. అంతకు మించితే మొత్తం జన్యుపటాలను సరిపోల్చి తేల్చాలి. కణంలోని కొవ్వు ఆమ్లాలు, తినే తిండి, తట్టుకునే వేడి నమోదు చేయాలి. సజీవ నమూనాను కనీసం రెండు దేశాల భాండాగారాల్లో భద్రపరచాలి.

ఈ శ్రమ వృథా కాదు. హెచ్‌సీహెచ్‌ను విరిచే భారత్, జపాన్, ఫ్రాన్స్ బ్యాక్టీరియాలన్నీ ఒకటేనని చాలాకాలం అనుకున్నారు. 2005లో వాటిని మూడు వేర్వేరు జాతులుగా తేల్చారు. అన్నిటిలోకీ మొండిది బీటా రూపం. దాని మీద పనిచేసే లిన్‌బి ఎంజైము భారత, జపాన్ జీవులు రెండింటిలోనూ ఉంది. తేడా కొన్ని అమైనో ఆమ్లాలే. అయినా ఆ రూపాన్ని విరవడంలో జపాన్ జీవి ఒక మెట్టు దగ్గర ఆగిపోతే, మన స్ఫింగోబియం ఇండికమ్ మరో మెట్టు ముందుకు వెళుతుంది. గుర్తింపులో పొరపాటు జరిగితే శుద్ధిలోనూ జరుగుతుంది.

ఇండికమ్‌ను మొక్కజొన్న బెండు పొడికి పట్టించి కలుషిత మట్టిలో కలిపితే అవశేషాలు తగ్గాయి. అయితే అవి చిన్న మడుల్లో, శ్రద్ధగా సాగిన ప్రయోగాలు. వ్యర్థం గుట్టలుగా ఉన్నచోట గాలి, తడి, పోషకాలు సమకూర్చాలి. ఏళ్ల తరబడి మట్టినీ నీటినీ పరీక్షిస్తూ ఉండాలి. దానికి డబ్బు కావాలి, బాధ్యత వహించేవారు కావాలి. బ్యాక్టీరియా ఉంది కదా అని కాలుష్యం చేసినవారిని వదిలేస్తే, శాస్త్రవేత్తల కష్టాన్ని వారికి రక్షణ కవచంగా మార్చినట్టే.

2025లో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది. శుద్ధి ఖర్చు కాలుష్య కారకులదేనన్నది వాటి సారం. దాన్ని కాగితాల్లోంచి నేల మీదికి తేవాలి. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వ్యర్థాలు నక్కవాగును ఏం చేశాయో చూసిన మనకు ఇది పరాయి సమస్య కాదు. అక్కడి మట్టిలో ఏ జీవులు బతుకుతున్నాయో మన విశ్వవిద్యాలయాలు శోధించాలి. కాలుష్య నియంత్రణ మండళ్లు ఆ ఫలితాలను శుద్ధి ప్రణాళికలో చేర్చాలి, ఖర్చు బాధ్యుల నుంచి ముక్కుపిండి వసూలు చేయాలి. కొత్త జాతిని కనుగొన్నందుకు శాస్త్రవేత్తలను అభినందిద్దాం. ఆ నేల ఎప్పటికి బాగవుతుందని ప్రభుత్వాలను నిలదీద్దాం.