ఏటి ఇసుక మా సేద్యపు నీరు



ఇసుక మాట వస్తే చాలు, టన్ను ఎంతకు దొరుకుతోందన్నదే చర్చ. 2024 జూలైలో మన రాష్ట్రంలో ఉచిత ఇసుక విధానం మొదలైనప్పుడూ అంతే. ఏటి ఒడ్డున సేద్యం చేసేవాళ్లకు అది ఎంతకు పడుతోందో కూడా లెక్కలోకి రావాలి.

మాది చిత్రావతి ఒడ్డు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. మా ఏరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండినట్టే కనిపిస్తుంది గానీ, అడుగున తడి ఉండేది. ముతక ఇసుకలో దాదాపు మూడో వంతు ఖాళీయే. వచ్చిన వరద ఆ సందుల్లోకి ఇంకి, ఎండకు ఆవిరి కాకుండా నెలల తరబడి ఇరుపక్కల బావులకు ఊరేది. చెలమ తీస్తే మోకాటి లోతున నీళ్లు. ఊట కాలువల కింద వరి పండించిన ఊళ్లు మా సీమలో ఎన్నో.

ఇప్పుడు ఇసుక తోడేసిన చోటల్లా బండ, జిగటమన్ను తేలాయి. వరద వచ్చింది వచ్చినట్టే పోతోంది. మిగిలిన జాగాను సర్కారు తుమ్మ కమ్మేసింది. ముందు ఒడ్డు బావులు ఎండాయి, తర్వాత బోర్లు. చీనీ చెట్టు కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పెంచాలి. అలాంటి తోటకు వేసవంతా ట్యాంకర్లు తోలించి, అప్పు చేసి ఇంకో బోరు వేయించి, వెయ్యి అడుగులు దిగినా తెల్లటి రాతి దుమ్ము తప్ప రాకపోతే, రైతు తన చేత్తోనే చెట్లు కొట్టేసుకుంటున్నాడు. ఉచిత ఇసుక ధర చెల్లించింది అతనే.

చట్టాలు లేక కాదు. భూగర్భ జలాలకు చేటు అనుకుంటే తవ్వకాన్ని నిషేధించే అధికారం 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టంలోనే ఉంది. మూడు మీటర్లకు మించి తవ్వరాదని 2016లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ఏట్లో దిగి ఆ లోతు కొలిచేదెవరు?

ఇళ్లు కట్టుకోవద్దని అనడం లేదు. ప్రభుత్వ కట్టడాలన్నిటికీ ముందు రాతి ఇసుక వాడండి. ఇసుక రీచ్ తెరవకముందు, మూసిన తర్వాత చుట్టుపక్కల బోర్ల నీటిమట్టం కొలిచి, ఆ అంకెలు గ్రామసభలో చదవండి. మట్టం పడిపోయిన ఊళ్లో, ఇసుక మళ్లీ మేట వేసేదాకా ఒక్క ట్రాక్టరు కూడా ఏట్లోకి దిగకూడదు.

ఇట్లు,
ఒక చీనీ రైతు,
శ్రీసత్యసాయి జిల్లా